రెండోసారి తెరిచిన ఫైలు

హెడ్లీ సగ్డెన్ పొద్దున ఐదింటి నుంచి ఒంటిగంట దాకా ఎద్దుల్ని చంపేవాడు. మధ్యాహ్నం రెండింటి నుంచి మూడుంబావు దాకా మనుషుల్ని చంపేవాడు. మొదటిది జీతానికి, రెండోది ఇష్టానికి.

ఎద్దుల సంగతి ముందు చెప్పాలి. ఇంగ్లండులో హాలిఫాక్స్ దిగువన, కాలువ పక్కనున్న కబేళాలో అతనిది ముప్ఫై ఏళ్ల కొలువు. ఇనుప బోనులోకొచ్చిన పశువు నుదుటికి తుపాకీ ఆనించడం, మీట నొక్కడం, పడ్డదాన్ని వెనక్కాలికి గొలుసు తగిలించి పైకి లాగడం, గొంతు కోయడం. నెత్తురు వేడివేడిగా మోరీలో పారుతుంటే, అక్కడే నిలబడి రొట్టె తినేవాళ్లు. చేరిన మొదటిరోజే ముసలి మేస్త్రీ ఒక మాట చెప్పాడు. "ఒరేయ్, కోపమొచ్చినవాడు తుపాకీ కిందపెట్టి బయటికి పోవాలి. కోపంతో చంపేవాడికి ఇక్కడ పని లేదు." ముప్ఫై ఏళ్లలో హెడ్లీ ఆ మాట జవదాటలేదు. చంపడంలో అంత నెమ్మదైన మనిషి ఆ కబేళాలో ఇంకొకడు లేడు.

ఇక మనుషుల సంగతి. వాళ్లుండేది కంప్యూటర్ తెర మీద, పందొమ్మిది వందల నలభైమూడులో, రష్యాలో ఒక నది ఒడ్డున. హెడ్లీ రష్యన్ సేనాపతి. అవతల జర్మన్లని నడిపేది ఉత్తరాన బెరిక్‌లో ఉండే రెన్నీ మాస్టారు. పిల్లలకి భూగోళం చెప్పి రిటైరైన మనిషి. ఇద్దరూ పదకొండేళ్లుగా యుద్ధం చేస్తున్నారు. మొదట్లో ఫ్లాపీలు పోస్టులో వెళ్లేవి, తర్వాత ఈమెయిల్ వచ్చింది. రోజుకి ఒకరి వంతు. ఒకరి మొహం ఒకరు చూసింది లేదు. ఆరు యుద్ధాలైతే ఆరూ మాస్టారే గెలిచారు. అయినా ఉత్తరం మొదట్లో "మార్షల్ గారికి" అని రాసేవారు. హెడ్లీని జీవితంలో 'గారు' అన్నది ఆయనొక్కడే. తను ఏం పని చేస్తాడో మాత్రం హెడ్లీ చెప్పలేదు. మాంసం వ్యాపారంలో ఉన్నానని రాసి ఊరుకున్నాడు.

ఆ డెబ్భై అయిదు నిమిషాలు ఊరికే దొరికినవి కావు. ఒంటిగంటకి గొట్టం కింద నిలబడి నెత్తురు కడుక్కుని, ఒంటిగంటా ఇరవై బస్సు పట్టుకుని, టీ కప్పుతో కుర్చీలో కూలబడేసరికి రెండయ్యేది. మూడుంబావుకి భార్య ఎవ్రిల్ బడి వంటింట్లో పని ముగించుకుని వచ్చేది. ఆమె వచ్చిందంటే ఇక వేరే వీధిలో ఉండే అత్తగారి మందులు, కుక్క, కారుతున్న పైకప్పు. ఎవ్రిల్ చెడ్డది కాదు. "నీ రష్యావాళ్లు చచ్చాక ఆ చెత్తబుట్ట కాస్త బయట పెట్టు" అనేది, అంతే. శని, ఆదివారాల్లో ఆ సమయం కూడా ఉండేది కాదు. అందుకే సెలవు పెట్టమంటే పెట్టేవాడు కాదు. సెలవు పెడితే ఇంట్లో పని, పనికెళితే యుద్ధం.

ఈ ఏర్పాటులోకి బావమరిది ట్రెవర్ ఊడిపడ్డాడు. పెళ్లాం పౌలా ఇంట్లోంచి గెంటేస్తే అక్క దగ్గరికి వచ్చాడు. వారమన్నవాడు అయిదు నెలలైనా కదల్లేదు. పగలంతా సోఫా మీద పడుకుని బీరు తాగేవాడు. రెండున్నరకి మాత్రం లేచి, మొహం కడుక్కుని, పౌలాకి ఫోన్ చేసేవాడు. భోజనం సెలవులో ఆ పది నిమిషాలే ఆవిడ ఎత్తేది. హెడ్లీ అతణ్ణి అసహ్యించుకున్నాడని ఒప్పుకోవాలి. ఆ రోజుల్లో ఇంటర్నెట్ ఫోను తీగ మీదే వచ్చేది కాబట్టి ఇద్దరికీ ఒక ఒప్పందం: మెయిల్ తెచ్చుకోగానే హెడ్లీ తీగ వదిలెయ్యాలి.

మార్చిలో ఒక మంగళవారం, హెడ్లీ తీగ వదలడం మరిచిపోయాడు.

మరిచిపోడా మరి! డెబ్భై ఒకటో వంతు. నెల్లాళ్లుగా అడవిలో దాచిన మేటి దళాన్ని, రెండొందల ట్యాంకుల్ని, ఆరోజే నది దాటించాడు. పదకొండేళ్లలో మొదటిసారి మాస్టారి గొంతు అతని చేతికి అందింది. మీట నొక్కాడు. ఫిరంగులు మోగాయి. ట్యాంకులు ఒడ్డెక్కాయి, మందుపాతరల మీదికి ఎక్కాయి. ఒకటి పేలింది, దాని వెనకది పేలింది. తెర మీద ఎర్ర గుర్తులు ఒక్కొక్కటే నల్లగా మాడిపోయాయి. వెనక నడిచొచ్చిన కాల్బలాన్ని గుట్ట మీది మరతుపాకులు కోతకొచ్చిన చేనులా కోసేశాయి. పావుగంటలో ఆరువేల మంది చచ్చారు. హెడ్లీ చెమటలు కక్కుతూ చూస్తున్నాడు.

"బావా, ఫోన్ పలకట్లేదు" అన్నాడు ట్రెవర్ వెనక నుంచి.

"ఒక్క నిమిషం."

"రెండూ ముప్ఫైయారయింది. నీ ఒక్క నిమిషం అరగంట నుంచీ నడుస్తోంది. పౌలా ఇవాళ మాట్లాడదామంది బావా. ఇంటికి రమ్మంటుందేమో!"

"దానికి బుద్ధుంటే రమ్మనదు" అన్నాడు హెడ్లీ, తెర మీంచి కళ్లు తిప్పకుండా.

ట్రెవర్ వంగి, గోడలోని కంప్యూటర్ ప్లగ్గు పీకేశాడు. తెర ఠక్కున నల్లబడింది.

హెడ్లీ లేచాడు. మొదటి దెబ్బ నోటి మీద పడింది. రెండోది దవడ మీద, ఏదో పుటుక్కుమన్న చప్పుడు ఇద్దరికీ వినిపించింది. అక్కడితో ఆగితే ఈ కథ వేరుగా ఉండేది. ఆగలేదు. కిందపడ్డ మనిషి చొక్కా పట్టి లేపి మూడోది కొట్టాడు, నాలుగోది కొట్టాడు. ట్రెవర్ చేతులు అడ్డం పెట్టుకోవడం కూడా మానేశాడు. కార్పెట్టు మీద ఒక పన్ను పడింది. దాన్ని చూశాక, తన చెయ్యి పైకి లేచి ఉందని హెడ్లీకి తెలిసింది.

ఎవ్రిల్ వచ్చేసరికి తమ్ముడు వంటింటి సింకులో నెత్తురు ఉమ్ముతున్నాడు, మొగుడు తువ్వాలు పట్టుకుని పక్కన నిలబడ్డాడు. ఆమె అంబులెన్సుకి ఫోన్ చేసింది. పోతూ పోతూ వాకిట్లో ఆగింది.

"ముప్ఫై ఏళ్లు కబేళా వాసన ఓర్చుకుని కాపురం చేశాను హెడ్లీ. దాన్ని ఇంట్లోకి తెస్తావనుకోలేదు."

ట్రెవర్ డాక్టర్లకి మెట్ల మీంచి జారానని చెప్పాడట. బావ మీద ప్రేమతో కాదు, అక్క మొహం చూసి.

మర్నాడు రెండింటికి ఇల్లు ఖాళీ. ఎవ్రిల్ ఆస్పత్రి నుంచి అమ్మ ఇంటికి వెళ్లిపోయింది. కావలసినంత తీరిక. వాచిన చేత్తో హెడ్లీ మాస్టారి ఫైలు మళ్లీ తెరిచాడు.

ఇక్కడ ఈ ఆటగాళ్ల ధర్మం ఒకటి చెప్పాలి. ఫైలు ఎన్నిసార్లు తెరిచారో అవతలివాడికి అంకె కనబడుతుంది. ఓడిన దాడిని చెరిపేసి మళ్లీ ఆడుకునేవాళ్లుంటారు. వాళ్ల పేరు ఒకసారి బయటపడితే ఇక ఎవడూ వాళ్లతో ఆడడు. నిజంగానే యంత్రం ఆగిపోతే ఒకటే దారి: మొదటిసారి ఏం చేశావో అచ్చం అదే చెయ్యాలి. ఎక్కడ చచ్చారో తెలిసినా సరే. అదే గుంటలో అవే కాళ్లు పెట్టాలంటారు.

హెడ్లీ పెట్టాడు. పాతరలు ఎక్కడున్నాయో ఇప్పుడతనికి అంగుళంతో సహా తెలుసు. అయినా రెండొందల ట్యాంకుల్నీ అదే ఒడ్డుకి, అదే వరసలో పంపి, మీట నొక్కాడు.

ఎవరు చావాలో ఎవరు బతకాలో యంత్రం వేసే పాచికలు మాత్రం కొత్తగా పడతాయి కదా. నాలుగు ట్యాంకులే పేలాయి. మిగతావి పాతరలు దాటి, గుట్టెక్కి, మరతుపాకుల్ని మనుషులతో సహా తొక్కేశాయి. మాస్టారి సైన్యం రెండు ముక్కలైంది. ఏడో యుద్ధం హెడ్లీదయ్యేలా ఉంది.

కానీ రెండుసార్లు తెరిచి గెలిచినవాణ్ణి ఎవడు నమ్ముతాడు? నిజం రాద్దామంటే కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందాయె. చివరికి "కరెంటు పోయింది. వేసిన ఎత్తులే మళ్లీ వేశాను" అని రాసి పంపాడు.

అబద్ధం ఆడితే అతికినట్టుండాలి. ఇది అతకలేదు.

"మార్షల్ గారికి," అని వచ్చింది జవాబు. "పదకొండేళ్లలో మీరు ఇరవై మాటలకి తక్కువ ఉత్తరం ఎప్పుడూ రాయలేదు. ఇందులో ఆరే ఉన్నాయి. మీరు మళ్లీ ఆడుకున్నారని అనను. కానీ కరెంటు పోలేదు. నిజమేమిటో రాయండి. లేకపోతే మనం ఇక్కడితో ఆపేద్దాం."

హెడ్లీ రెండు మధ్యాహ్నాలు ఆ కుర్చీలో ఉత్తినే కూర్చున్నాడు. ఊళ్లో అతను నెత్తుటి మనిషి. పబ్బులో పక్కన కూర్చునేవాళ్లు కూడా కాస్త జరిగి కూర్చునేవాళ్లు. మాస్టారి ఉత్తరాల్లో మాత్రమే పెద్దమనిషి. అబద్ధంతో ఉంటే దొంగ అవుతాడు, నిజం చెబితే పశువవుతాడు. మూడో రోజు ఎడమ చేతి వేళ్లతో ఒక్కో అక్షరం కొట్టి అంతా రాశాడు. కబేళా రాశాడు. ముసలి మేస్త్రీ మాట రాశాడు. తీగ వదలడం మరిచింది తనేనని, నాలుగు దెబ్బలని, చివరి రెండూ కిందపడ్డవాడి మీదని రాశాడు. "మొదటిసారి నావాళ్లు ఆరువేల మంది చచ్చారు. మీరు ఆ లెక్కే తీసుకున్నా నాకు సమ్మతమే" అని ముగించాడు.

జవాబు మర్నాడు వచ్చింది. ఫైలు లేదు. ఒకే వాక్యం. "ఆ మనిషి దవడ ఎలా ఉందో మీరు రాయలేదు, చూసొచ్చి రాయండి."

ఆస్పత్రిలో రోగుల్ని చూడనిచ్చేది రెండు నుంచి మూడున్నర దాకా. సరిగ్గా అతని సమయం. హెడ్లీ బస్సు మారి వెళ్లాడు. ట్రెవర్ పళ్లు పైవీ కిందవీ తీగతో కట్టేసి ఉన్నాయి. మొహం ఊదారంగులో ఉబ్బింది. బడికి సెలవు పెట్టి మంచం పక్కన కూర్చున్న ఎవ్రిల్ మొహం తిప్పుకుంది.

"పౌలా ఫోన్..." అన్నాడు హెడ్లీ. "నా తప్పేరా. తీగ నేను వదల్లేదు. కొట్టడం అంతకంటే తప్పు."

ట్రెవర్ కాగితం లాక్కుని రాశాడు. 'నీ రష్యావాళ్లు?'

"మొదటిసారి అందరూ చచ్చారు. రెండోసారి గెలిచారు."

ట్రెవర్ పెన్సిలు విరిగేంత గట్టిగా నొక్కి రాశాడు. 'మళ్లీ చావాలి.'

"సరే" అన్నాడు హెడ్లీ. మూడున్నర దాకా అక్కడే నిలబడ్డాడు. మర్నాడు కూడా వెళ్లాడు. ఆ మర్నాడూ వెళ్లాడు. ఎవ్రిల్ నాలుగోరోజున కుర్చీ ఒకటి అతనివైపు తోసింది. ఆరు వారాలు గొట్టంతో సూపు తాగాలని, కింది పన్ను ఇక రాదని, మాస్టారికి ఉన్నదున్నట్టు రాశాడు.

ఫైలు శనివారం వచ్చింది. ఉత్తరం లేదు. మాస్టారు రెండో లెక్కనే తీసుకున్నారు. తీసుకుని, ఎక్కడెక్కడి దళాల్నో పోగేసి, తెగిన తన సైన్యం రెండు వైపుల నుంచీ విరుచుకుపడ్డారు. గుట్ట మీది ట్యాంకులన్నీ తగలబడ్డాయి. వంతెన కూలింది. నదికి అవతల చిక్కినవాళ్లలో ఒక్కణ్ణీ వదల్లేదు. పదమూడు వేల మంది. దొంగ అనుకున్నవాడి మీద ఎవరూ అంత కష్టపడరు. తెర అడుగున ఒక్కసారే తెరిచినట్టు అంకె, దాని పక్కన మాస్టారు టైపు చేసిన మాట: 'మీ వంతు, మార్షల్ గారూ.'

హెడ్లీ ముందు ఫోను తీగ వదిలాడు. కళ్లు తుడుచుకున్నాడు. గడియారం చూస్తే రెండుంబావు, ఆస్పత్రి బస్సుకి ఇంకా పది నిమిషాలుంది. ఫైలు సేవ్ చేసి, ఆట మూసి, కోటు వేసుకున్నాడు.