వైశాలి నగర్‌లో తిమింగలం పిలుపు

అరుణకుమారి పుట్టి పెరిగింది హిందీ ఊరైన భిలాయి ఉక్కు నగరంలో, సెక్టర్ ఏడులో. సముద్రం చూడాలంటే విశాఖకు రైల్లో ఒక పగలంతా ప్రయాణం చెయ్యాలి. అలాంటి పిల్ల ముప్పై ఏళ్లకు తిమింగలాల మీద పని చేస్తోందంటే చుట్టాలు ఓ పట్టాన నమ్మలేదు.

శాస్త్రజ్ఞుల బృందమొకటి తీరానికి దూరంగా నీటి అడుగున మైకులు దింపి, నెలల తరబడి శబ్దాలు పట్టింది. మనుషులు కూర్చుని అవన్నీ వినాలంటే ఏళ్లు పడతాయి. వాటిలో తిమింగలం పిలుపేదో గుర్తుపట్టడం కంప్యూటర్‌కు నేర్పడమే ఆమె ఉద్యోగం. తిమింగలాలు తిరిగే దారి తెలిస్తే ఓడలు వాటిని గుద్దకుండా చూడొచ్చు.

మొదట్లోనే కంప్యూటర్ ఒక్కరోజులో నాలుగు వందల పిలుపులు చూపించింది. బృందమంతా సంబరపడింది. ఆమెకు మాత్రం ఎక్కడో అనుమానం.

తండ్రి నరసింగరావు రైలు పట్టాల మిల్లులో ముప్పై నాలుగేళ్లు యంత్రాలు బాగుచేసి, రిటైరయ్యాక ఆ ఊళ్లోనే వైశాలి నగర్‌లో ఇల్లు కట్టుకున్నాడు. మిల్లు హోరుకు సగం చెవులు పోయాయి. కుక్కర్ కూసినా వినబడదు. బరువైన శబ్దాలు మాత్రం ఇట్టే పట్టేస్తాడు. అరుణకుమారీ ఆ ఇంట్లోంచే పని చేస్తోంది. ఓ మధ్యాహ్నం ఆమె గదిలోంచి వస్తున్న మోత విని లోపలికొచ్చి, స్పీకరు మీద అరచెయ్యి ఆనించాడు.

"ఏటమ్మా, ఇది ఏ మిల్లుదీ?"

"మిల్లు కాదు నాన్నా. తిమింగలం."

"కాదు. బేరింగ్ అరిగిపోనాది. తిరిగినప్పుడల్లా ఒక్క చోటే తగుల్తంది, విను."

ఓడల రాకపోకల పట్టికతో సరిచూస్తే ఆయన మాటే నిజమైంది. ఆ పిలుపుల్లో చాలా మటుకు ఒకే ఓడ ఇంజనువి.

ఆ మర్నాటి నుంచి రెండు వారాల పాటు పొద్దుటే టీ తాగి ఇద్దరూ వినడానికి కూర్చున్నారు. ఆయన యంత్రమన్న వాటిని ఆమె పక్కన పెట్టి, కంప్యూటర్‌కు మళ్లీ నేర్పింది. తొమ్మిదో రోజున ఒక శబ్దం వచ్చింది. అడుగునెక్కడో మొదలై, అర నిమిషం సాగి, జారిపోయింది. బల్ల మీద గ్లాసులో నీళ్లు వణికాయి. కాసేపటికి మళ్లీ వచ్చింది. నరసింగరావు స్పీకరు మీంచి చెయ్యి తియ్యలేదు.

"దీనికి బేరింగ్ లేదమ్మా" అన్నాడు. "ఊపిరుంది."

ఎంత దూరం నుంచి పిలుస్తోందని అడిగాడు. మైకుకు అరవై కిలోమీటర్లుండొచ్చని ఆమె చెప్పింది. ఆయన ఆ రోజు మరో శబ్దం విననివ్వలేదు.

చివరికి నలభై ఒక్క పిలుపులు మిగిలాయి. అన్నీ సముద్రంలో ఒకే పట్టీ నుంచి వచ్చినవి. సరిగ్గా దాని మీదుగానే ఓడలు పోతున్నాయి. బృందం ఆ చోటు పటం గీసి చూపించి మాట్లాడితే, రెండు ఓడల కంపెనీలు అక్కడ వేగం తగ్గించడానికి ఒప్పుకున్నాయి.

ఫిబ్రవరిలో అరుణకుమారి బృందం పడవలో అక్కడికి వెళ్లింది. రెండు రోజులు నీళ్లే. మూడో రోజు పొద్దున, దగ్గర్లోనే సముద్రం ఉబ్బి విచ్చుకుంది. ఆవిరి తాటిచెట్టంత లేచింది. బూడిదరంగు వీపొకటి పైకొచ్చి, పడవ పక్కనుంచి కదిలింది. ఆమె రెయిలింగు పట్టుకుని చూస్తూ నిలబడింది. కెమెరా మెడలోనే ఉండిపోయింది.

సాయంత్రం సిగ్నల్ దొరకగానే ఇంటికి ఫోన్ చేసింది. ఎలా ఉందని తండ్రి అడిగితే ఆమెకు తెలుగు చాల్లేదు.

"వీపు పోతానే ఉంది నాన్నా" అంది. "ఎంతకీ అవదే. ఖతమ్ హీ నహీ హో రహా థా."