స్టేడియంలో ఆకుమడి పోసిన వైనం

నవ్వుతారని తెలుసండీ. నవ్వండి. పది రోజులుగా రామచంద్రపురం నుంచి కాకినాడ దాకా అందరూ నవ్వుతూనే ఉన్నారు, మీరొక్కళ్ళే మిగిలారు. ఆ టీ ఇటివ్వండి. ముప్పయ్యేళ్ళ తర్వాత కాకినాడలో అంత పెద్ద స్టేడియంలో మోటార్ సైకిల్ రేసులు మళ్ళీ పెట్టించబోయి, నేను అందులో ఆకుమడి పోసి వచ్చాను. అవునండీ, వరి నారు పెంచే ఆకుమడే! అందరికీ అది జోకు. నాకు మాత్రం పది రోజులుగా అన్నం సయించడం లేదు. ఎందుకో చివరిదాకా వింటే మీకే తెలుస్తుంది.

మా బావగారు వీర్రాజు గారు మీకు తెలుసుగా? మా అక్క మొగుడు. కాకినాడలో బైకుల వర్క్‌షాపు. వయసులో ఉన్నప్పుడు ఆయన స్పీడ్‌వే రేసరు. అంటే మామూలు రేసు కాదండీ. గుండ్రటి మట్టి ట్రాకు, నాలుగే రౌండ్లు, ఒక్క నిమిషంలో అయిపోతుంది. బండికి బ్రేకులుండవు. నిజంగానే ఉండవు! మలుపు రాగానే ఎడం కాలు నేలకానించి, బండిని అడ్డంగా జారనిచ్చి తిప్పాలి. ఎప్పుడూ ఎడమ వైపే. మా అక్క అంటుంది, "బ్రేకుల్లేవు, ఒక్క వైపే తిరుగుద్ది, చెప్తే ఆగదు. ఆ బండికీ మీ బావకీ తేడా ఏంటిరా?" అని.

ఆ రోజుల్లో స్టేడియం నిండిపోయేదట. తర్వాత ఏవో గొడవలొచ్చి రేసులు ఆపేశారు. బావ మాత్రం ఆపలేదు. ఆ పాత బండిని షాపు వెనక పెట్టుకుని, ప్రతి ఆదివారం తుడిచి, స్టార్ట్ చేసి, మళ్ళీ ముసుగేసేవారు. ఆఫీసుల చుట్టూ తిరుగుతూ అర్జీలు పెట్టేవారు. మేమంతా వెనకాల నవ్వుకునేవాళ్ళం. నేనూ నవ్వాను, అబద్ధమెందుకు?

ఈ వేసవిలో రెండు కబుర్లు ఒకే వారంలో వచ్చాయండి. ఒకటి, స్టేడియం వాళ్ళు ఒక్క ఆదివారానికి పర్మిషన్ ఇచ్చారు. బాగా జరిగితే ఏటేటా పెట్టుకోవచ్చు, తేడా వస్తే ఇక ఆ ఊసే ఎత్తకూడదు. రెండోది, బావకి కళ్ళలో నీటికాసులట. పక్క చూపు చాలా వరకు పోయింది. "ఈ వానలు మొదలయ్యాక బండి ముట్టుకోవద్దు. మీకే కాదు, ఎదుటివాళ్ళకీ ప్రమాదం" అని డాక్టరు తెగేసి చెప్పాడు.

బావ ఆ రాత మార్చమని ఎవర్నీ అడగలేదు. రేసుల ముందు, ట్రాకు ఖాళీగా ఉన్నప్పుడు, ఒక్కడే నాలుగు రౌండ్లు వేస్తానన్నారు. పోటీ లేదు, పక్కన ఇంకో బండి లేదు. ఆ నాలుగు రౌండ్లూ అయ్యాక తాళాలు అక్కకిచ్చేస్తానన్నారు. డాక్టరు కూడా ఏమనుకున్నాడో, సరేనన్నాడు.

ట్రాకు పని ఎవరు చూడాలి? పాతరోజుల్లో పంచదార ఫ్యాక్టరీ బాయిలర్లో కాలి గట్టిపడిన చిట్టెం తెచ్చి పరిచేవారట. "అదే తెప్పిద్దాంరా సత్తిబాబూ" అన్నారు బావ. నేను వింటేగా!

"చిట్టెం ఎందుకు బావగారూ? పడినవాడి మోకాళ్ళు చెక్కుకుపోతాయి. బూడిద లేచి జనం కళ్ళలో పడుద్ది. మట్టి సంగతి నాకొదిలెయ్యండి. నలభయ్యేళ్ళుగా మట్టి తింటున్నవాణ్ణి!"

నేనెలాంటివాణ్ణో మీకు తెలుసు కదా. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. చెన్నై నుంచి ట్రాక్ ఇన్‌స్పెక్టరు ఫోన్ చేసి మూడు ముక్కలు చెప్పాడు. పైన రెండంగుళాలు వదులు మట్టి ఉండాలి, దుమ్ము లేవకూడదు, ఆదివారం దాకా తేమ ఆరకూడదు. విన్నంతసేపూ నాకు మా ఊరి కళ్లాలే కళ్ళముందు మెదిలాయండి. దాళ్వా పంట ధాన్యం ఆరబోసి, తూర్పారబట్టి, బస్తాలకెత్తేసిన కళ్లం చూశారా? కాలేస్తే పరుపే! ఊకా, తాలూ, మెత్తటి మట్టీ కలిసిపోయి ఉంటుంది. అంతకంటే ఏం కావాలి?

ఊళ్ళో ఒక్క కళ్లం వదల్లేదు. అన్నీ గీకించి టిప్పర్లకెత్తించాను. "మా కళ్లం మట్టి మీద రేసులటండీ!" అని రైతులు మురిసిపోయి మరీ ఇచ్చారు. సోమవారానికల్లా స్టేడియంలో పరిచేశాను. అక్క వచ్చి చూసి, "ఊక కనపడుతోంది కదరా తమ్ముడూ?" అంది. "ఊకుంటే మంచిదే అక్కా, పడినా దెబ్బ తగలదు" అన్నాను. బావ వంగి పిడికెడు తీసుకున్నారు. ఆయనకి కనపడేది తక్కువ, చేత్తో నలిపి చూశారు. "బాగుందిరా. మా చిట్టెం కంటే బాగుంది" అన్నారు. ఆ మాటకి నేను రెండు రోజులు నేలమీద నిలబడలేదు.

మంగళవారం పొద్దున చూద్దును కదా, ట్రాకు నిండా పిచ్చుకలు, పావురాలు, గోరింకలు! వందలకొద్దీ వాలి పొడుచుకు తింటున్నాయి. బుర్రున్నవాడెవడైనా ఏమనుకోవాలి? ఇవేం తింటున్నాయి అనుకోవాలి. నేనేమనుకున్నానో తెలుసా? లెవెల్ పాడుచేస్తున్నాయి అనుకున్నాను! టపాకాయలు కాల్చి, డప్పు కొట్టించి మరీ తరిమాను. పాపం, ఆ పిట్టలే ఆ రోజు నా పరువు కాపాడబోయాయండి. నేనే తిననివ్వలేదు.

ఇక తడపడం. పొద్దునోసారి, సాయంత్రమోసారి ట్యాంకరు పెట్టి తడిపాను. బుధవారం సాయంత్రం ఫోనులో గాలివాన హెచ్చరిక వచ్చింది. వానొస్తే మట్టి కొట్టుకుపోద్ది, ఎండొస్తే ఆరిపోద్ది. రెంటికీ ఒకటే మందు! ఊళ్ళో ఉన్న టార్పాలిన్ బరకాలన్నీ తెప్పించి ట్రాకంతా కప్పేశాను. కప్పేముందు చివరిసారి బాగా తడిపాను కూడా. ధాన్యం నానబెట్టి, తడి ఆరకుండా మూసిపెట్టి, వెచ్చగా ఉంచితే ఏమవుద్దో మా ఊళ్ళో పాలు తాగే పిల్లాణ్ణడిగినా చెప్తాడు. ఏటా నా చేతుల్తో విత్తనానికి మండె కట్టేవాణ్ణి, నాకు తట్టలేదండీ! పొలంలో చేస్తే మండె. స్టేడియంలో చేస్తున్నాను కాబట్టి ట్రాక్ మెయింటెనెన్స్ అనుకున్నాను.

ఆదివారం పొద్దున్నే జనం. గ్యాలరీలో మా ఊరి వాళ్ళే సగం మంది. పుణే నుంచి, కోయంబత్తూరు నుంచి రేసర్లొచ్చారు. బావ తోలు సూటు వేసుకుని వచ్చారు. ముప్పయ్యేళ్ళనాటి సూటు, పొట్ట దగ్గర అక్క రెండు వైపులా అతుకులేసింది. బండి అద్దంలా తుడిచి ఉంది. నేను మైకు తీసుకుని "ఇప్పుడు ట్రాక్ ఓపెనింగ్!" అన్నాను. పదిమంది అటూ ఇటూ పట్టుకుని మొదటి బరకం లాగారు.

పసుపచ్చగా, వేలెడంత పొడుగు మొలక. ఒత్తుగా. నిటారుగా.

రెండో బరకం లాగారు. అదీ అంతే. మూడోదీ అంతే! జనమంతా లేచి నిలబడి చూశారు. తర్వాత గ్యాలరీలోంచి మా ఊరి పెద్దాయన గొంతు ఖంగుమంది. "బొండాల రకంరోయ్! మొలక మా చక్కగా వచ్చింది!" పక్కాయన, "కాదండీ, ఆకు సన్నంగా ఉంది, స్వర్ణ" అన్నాడు. ఇద్దరూ వాదించుకోవడం మొదలెట్టారు. ఇంకెవరో, "సత్తిబాబు గారూ, నాట్లెప్పుడండీ? కూలోళ్ళని మాట్లాడమంటారా?" అని అరిచారు. అప్పుడు లేచింది చూడండి నవ్వు! నా చేతిలో మైకు ఆన్‌లోనే ఉంది. నేను "ఓరి దేవుడో" అనడం కూడా అందరికీ వినపడింది.

ఇన్‌స్పెక్టరు ఒక మొలక పీకి, వేరు కేసి చూసి, "ఇది ఏమిటి?" అని అడిగాడు.

"వరండి."

"ట్రాక్ మీద ఎందుకు ఉంది?"

అక్కడితో ఆగినా బతికిపోయేవాణ్ణి. పైపైన చెక్కించి, ఎండబెట్టి, సాయంత్రానికి నడిపించేవారేమో. ఇన్‌స్పెక్టరు ఆలోచిస్తూనే ఉన్నాడు కూడా. నేనాగానా? "ఒక్క గంట టైమివ్వండి సార్, మొత్తం తిరగేసి ఇస్తాను" అన్నాను. మట్టిని తిరగేసే రోటవేటరు తగిలించిన నా ట్రాక్టరు గేటు దగ్గరే ఉంది. ఎవరైనా ఏదైనా అనేలోపే ఎక్కి లోపలికి తోలేశాను.

అడుగున మట్టి నానిపోయి ఉందని మర్చిపోయానండీ. తడిమట్టిలో రోటవేటరు తిప్పితే ఏమవుద్ది? దమ్ము అవుద్ది! నాట్లకి సిద్ధమైన చేను అవుద్ది! రెండు చుట్లు తిరిగి వెనక్కి చూస్తే నల్లటి బురద నిగనిగలాడుతోంది. ఎక్కడినుంచొచ్చాయో, నాలుగు తెల్లకొంగలు కూడా ట్రాక్టరు వెనకాల వాలాయి. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. ఇన్‌స్పెక్టరు చూద్దామని ఒక అడుగేశాడు. కాలు పైకొచ్చింది, బూటు రాలేదు.

కోయంబత్తూరు నుంచొచ్చిన రేసరొకడు ధైర్యం చేసి ట్రయలు వేశాడు. మొదటి మలుపు దాకా కూడా వెళ్ళలేదు. బండి మెల్లగా పక్కకి ఒరిగి, గేదె బురదలో పడుకున్నట్టు పడుకుంది. దేవుడి దయ, ఎవరికీ ఏమీ కాలేదు.

ఇన్‌స్పెక్టరు ఫైలు మూసేశాడు. "క్యాన్సిల్." స్టేడియం ఆఫీసరు గారు మా దగ్గరికొచ్చి, "వీర్రాజు గారూ, మీ మీద గౌరవం కొద్దీ ఒప్పుకున్నాం. ఇంక దయచేసి అడగకండి. ఇక్కడికి మళ్ళీ బండ్లు రావు" అన్నారు. మర్యాదగానే అన్నారు. తిట్టినా బాగుండేది.

జనం వెళ్ళిపోయారు. బావ గేటు దగ్గర బండి మీద అలాగే కూర్చున్నారు. నేను వెళ్ళి పక్కన నిలబడ్డాను. ఆయనే, "కొంచెం తొయ్యరా" అన్నారు. తోశాను. ఇంజను అందుకుంది. అబ్బ, ఏం చప్పుడండీ అది! ఛాతీ లోపల తగులుద్ది. క్లచ్ పట్టుకుని, ఉన్నచోటే ఉండి, ఎదురుగా ఆ బురద కేసి చూస్తూ రెయిజ్ చేశారు. ఎడం కాలు కొంచెం ముందుకి చాపారు. నాలుగు రౌండ్లకి ఎంతసేపు పడుతుందో అంతసేపే ఉంచి, ఇంజను ఆపేశారు. తాళాలు తీసి అక్క చేతిలో పెట్టారు.

ఒక్క మాటనలేదండీ నన్ను. ముప్పయ్యేళ్ళు ఒక్క నిమిషం కోసం తిరిగిన మనిషి! ఆ నిమిషాన్ని నేను బరకం కప్పి మరీ కుళ్ళబెట్టాను. ఇంటికొచ్చి పెరట్లో కూర్చుని ఏడ్చాను. మా ఆవిడ చూసి కూడా చూడనట్టు లోపలికి వెళ్ళిపోయింది.

తర్వాత నా సంగతి చెప్పేదేముంది? కిళ్ళీకొట్టు దగ్గర నిలబడితే "సత్తిబాబు గారూ, బస్టాండులో ఏ పంట వేస్తున్నారండీ?" అంటారు. స్టేడియం వాచ్‌మ్యాన్ ఫోన్ చేసి, "అయ్యగారూ, ఆ మూల మీ టాకటరు తిరగని చోట ఆకు ఏపుగా వచ్చిందండి, పట్టుకెళ్తారా?" అనడిగాడు. వెటకారం కాదు, పాపం నిజంగానే అడిగాడు.

నిన్న ధైర్యం చేసి బావ షాపుకెళ్ళాను. పది రోజుల్లో అదే మొదటిసారి. ఆయన స్టూలు మీద కూర్చుని, ఎవరిదో కార్బురేటరు చేత్తో తడిమి తడిమి విప్పుతున్నారు. వెనక బండి ముసుగేసి ఉంది.

"బావగారూ, వచ్చే ఏడాది చిట్టెమే తెప్పిద్దాం. నేను వెళ్ళి ఆఫీసరు గారి కాళ్ళు పట్టుకుంటాను."

"వచ్చే ఏడాదికి నాకు ట్రాకు కనపడదురా" అన్నారు. మామూలుగా, కాఫీ చల్లారిపోయిందన్నట్టు అన్నారు.

తలొంచుకుని నిలబడ్డాను. ఆయనకి నా మొహం కనపడిందో లేదో గానీ, మాట మార్చారు.

"కాలవకి నీళ్ళొదిలారటగా. నీ పొలంలో ఆకుమడి పోశావా?"

"పోశాను బావగారూ. ఆ ఆదివారం మర్నాడే పోశాను. మనసు మనసులో లేదు, మండె సరిగ్గా కట్టలేదు. ఒక్క గింజ మొలిస్తే ఒట్టు."

బావ చేతిలో కార్బురేటరు కింద పెట్టారు. షాపు పక్కనున్న ఇంటికేసి తిరిగి కేకేశారు, "ఏమేవ్, ఆ తాళాలిలా తే!"

"ఎక్కడికండీ?" అంది అక్క లోపల్నుంచి.

"మీ తమ్ముడి పొలానికి. అది ఎండనిచ్చి చదును చేయించమను, వానలు మొదలయ్యేలోపు నాలుగు రౌండ్లూ అక్కడే వేసేస్తాను. వాడి చేలో అయితే ఏదీ మొలవదు, గ్యారంటీ!"