కొంగు కింద పిడికిలి

ధర అడిగి, అడిగినంతా ఇచ్చేసే మనిషిని ఆ కాలంలో మా సుల్తానాబాద్ బజారులో జ్వరం తగిలినవాడిని చూసినట్టు చూసేవారు. మాది కిరాణా కొట్టు. అంతకుముందు బాపు పశువుల అంగట్లో బేరగాడు. తువ్వాల కింద వేళ్లు పట్టుకుని, నోరు మెదపకుండా ఎద్దు ధర తెగ్గొట్టే విద్య నాకు ఆయన దగ్గరే అబ్బింది. (అక్షరాల కంటే ముందే అబ్బిందని అవ్వ ఫిర్యాదు. మా వైపు అమ్మే అవ్వ, నాన్నే బాపు.) మనసుపడ్డట్టు కనబడకూడదన్నది మా ఇంటి మొదటి పాఠం. నచ్చిన చీరను చూసి ముక్కు చిట్లించాలి, కావలసిన బిందెను వేలితో కొట్టి పెదవి విరవాలి. అందులో నన్ను మించినవాళ్లు లేరని, నా పెళ్లి కుదిరిన ఎండాకాలం దాకా నమ్మాను.

అవ్వకు ఒక అలవాటు ఉండేది. పని లేనప్పుడు కుడిచేతి చూపుడువేలిని పట్టుకుని, ఉంగరం తిప్పుతున్నట్టు తిప్పేది. వేలికి ఉంగరం లేదు. నేను పసిపిల్లగా ఉన్నప్పుడు కొట్టు మూతపడే గతి వస్తే, చేసిన అవుసలాయనకే, అంటే కంసాలికే, దాన్ని తిరిగి అమ్మేసిందట. ఎట్లా ఉండేదని అడిగితే "ఉండె తియ్" అని లేచిపోయేది. నన్ను అప్పగించే వేళకు ఆ వేలు బోసిగా ఉండకూడదనుకున్నాను. అవ్వకు చెప్పకుండా తేవాలి, అదీ సగం ధరకు! చిన్నమ్మను వెంటబెట్టుకుని ఆయన ఊరు మంచిర్యాలకు బయలుదేరాను.

ఆ అవుసలాయనను అందరూ మైనం తాత అనేవారు. పెద్ద యుద్ధం ముగిశాక బొంబాయి పోయి పని నేర్చుకుని వచ్చాడట. అందరిలా నున్నటి గాజులు, గుండ్లు చేయడు. చెట్టు బెరడు లాంటి కడియం, పురుగు కొరికిన ఆకు, కందిరీగల గూడు... ముందు మైనంలో మలిచి, మట్టి పొదిగి, కాల్చి, మైనం కరిగిపోయిన ఖాళీలో బంగారం పోసేవాడు. పెట్టుకుంటే నగలా కాక ఒంటి మీద ఏదో మొలిచినట్టు ఉంటుందని పెళ్లివాళ్లు జడిసేవారు. ఆయన పోయి ఏడాది. ఇంట్లో ఆయన భార్య, ముసలమ్మ ఒక్కతే.

మేం వెళ్లేసరికి మిట్టమధ్యాహ్నం. వీధిలో కుక్క కూడా లేదు. తలుపు తట్టబోతుంటే, తట్టకముందే లోపలినుంచి "రాండ్రి, తలుపు తీసే ఉన్నది" అని వినిపించింది. లోపల చీకటి, తేనె వాసన. చిన్నమ్మ దాహమంటూ నీళ్ల గోళెం మూత ఎత్తి, అక్కడే కూలబడింది. నీళ్ల మీద చెవులు తేలుతున్నాయి. వేళ్లు తేలుతున్నాయి. సగం ముఖం ఒకటి మెల్లగా మావైపు తిరిగింది.

"పరేషాన్ గాకుండ్రి, ఆయన చేసిన మైనం బొమ్మలు. ఎండకు కరుగుతయని నీళ్లల్ల ఏసిన" అంది ముసలమ్మ. "తాగే నీళ్లు గా కుండల ఉన్నయ్."

"నాకు దూప లేదు" అంది చిన్నమ్మ. (ఇల్లు చేరేదాకా ఆమెకు మళ్లీ దూప కాలేదు.)

నేను బేరంలోకి దిగాను. "పాత ఉంగరం ఏదన్న ఉంటే సూపియ్యి పెద్దవ్వా. మోజేం లేదు. కరగవెట్టి వేరేది జేయించుకుంటం."

ముసలమ్మ నా ముఖంలోకి చాలాసేపు చూసింది. "కరగవెడ్తవా?"

"మరి? బంగారమంటె తూకమే గద."

"జర మెల్లగ మాట్లాడు బిడ్డా. ఇంట్ల బేరమాడితె ఆయనకు కోపం. ఇంటడు." గోళెంలో ఒక చెవి అంచు దాకా వచ్చి ఆగి ఉంది.

"పిల్లా, పోదాం పా" అని చిన్నమ్మ నా జడ లాగింది. నాకు మాత్రం ఇదే అదను అనిపించింది. "అట్లయితె కొంగు కింద ఆడుదాం పెద్దవ్వా. నోటితోని పనే లేదు. ఏలుకు వెయ్యి."

ముసలమ్మ గోళెం అడుగు దాకా చెయ్యి పెట్టి, ఏదో తీసి, గుప్పిట మూసుకుని నా కొంగు కిందికి జాపింది. నేను రెండు వేళ్లు పట్టాను. ఆమె నాలుగు పట్టింది. నేను పెదవి విరిచి, మళ్లీ రెండే పట్టాను. అప్పుడు మూడో చెయ్యి వచ్చింది. చిన్నది. తడిగా, మంచులా చల్లగా. ముసలమ్మ వేళ్లు ఎండుపుల్లలు. ఇవి అవి కావు. ఒక పసి పిడికిలి నా చూపుడువేలిని చుట్టుకుని పట్టేసుకుంది. బాపు నేర్పిన లెక్కల్లో ఆ పట్టుకు ధర లేదు.

విదిలించాను. వదల్లేదు. "ఇడువుమను! ఇడువుమను పెద్దవ్వా! నీ ధరే నీకిస్త!" (నా జీవితంలో ఆ మాట అదే మొదటిసారి. చిన్నమ్మ అప్పటికే వీధిలో ఉంది.)

కొంగు తొలగింది. నా వేలి చుట్టూ బంగారపు పసి పిడికిలి. మినపగింజంత గోళ్లు, కణుపుల మీద గీతలు, మణికట్టు దగ్గర బొద్దు మడత.

"నీదే బిడ్డా గా చెయ్యి" అంది ముసలమ్మ. "మీ అవ్వ ఏలు పట్టుకొని ఈడనే నిద్రవోయినవ్. ఆయన నిన్ను లేపకుంట ఎదురుంగ కూసొని మలిచిండు. దాన్ని అమ్మేటందుకు అచ్చిన నాడు మీ అవ్వ ఏడ్వలే. ఇంకొక్కసారి ఏలికి పెట్టుకొని, తీసిచ్చింది. ఆయన కరగవెట్టలే. ఎన్నడన్న దీనికోసం మళ్ల అస్తరన్నడు. నీ మొఖం జూడంగనె నాకు ఎరుకైంది. ఇగ చెప్పు, కరగవెడ్తవా?"

నాలుగు వేలూ లెక్కపెట్టి ఇచ్చేశాను. అంగడి బేరగాడి బిడ్డను ఓడించింది నడక కూడా రాని పిల్ల, అదీ నేనే.

అప్పగింతల ముందు దాన్ని అవ్వ వేలికి తొడిగాను. చాకిరీకి లావెక్కిన కణుపు దాటించడానికి సబ్బు నురగ కావలసి వచ్చింది. అవ్వ కళ్లు తుడుచుకుంది. "ఎంతకిచ్చింది?" అంది. చెప్పాను, కొంత తగ్గించే.

"ఇంకింత తెగుతుండె" అంది.

ఇప్పుడు అవ్వ లేదు, ఉంగరం నా వేలికే ఉంది. రోహిణి కార్తెలోనూ చల్లగానే ఉంటుంది. వంకాయల బండి దగ్గర బేరం ముదిరినప్పుడు ఆ పిడికిలి మెల్లగా బిగిసినట్టు అనిపిస్తుంది. ఉంగరాలు బిగుసుకోవు, నా వేలే లావెక్కిందని నాకు తెలుసు. అయినా అడిగినంతా ఇచ్చేసి, వేలు తిప్పుకుంటూ వచ్చేస్తాను. బండివాడు మాత్రం నన్ను, జ్వరం తగిలినదాన్ని చూసినట్టు చూస్తాడు.