నల్లాయన పేరు

అనంతగిరి దాటాక ఒక డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు చెబుతాను. ఆ రోజు పాఠం వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లీషువాళ్ళ వీరగాథలు. ఆ కవులు దేన్నీ సూటిగా పిలవరని, రెండు మాటలు అతికించి చుట్టుతిప్పి చెబుతారని, ఓడని అలల మీది గుర్రమంటారని చెబుతున్నాను. క్లాసు సగం నిద్రలో ఉంది.

వెనక బెంచీలోంచి ఒక కొండపిల్ల లేచింది. "మా ఊళ్ళోనూ అంతే మేడం. అడివిలోది ఇంటాదని దాని పేరెత్తం. నల్లాయన అంటాం."

సంతోషించాల్సింది. పాఠమంతా ఆ ఒక్క మాటలో ఉంది. కానీ నాకు నోటిదురుసు ఎక్కువ. "ఇది అడివి కాదమ్మా, క్లాసు. అసలు పేరు చెప్పు" అని, ఆ పేరు ఆమె చేత మూడుసార్లు గట్టిగా అనిపించాను. తేనెపట్టులు కొల్లగొట్టే ఆ నల్లటి బొచ్చు జంతువు పేరు ఎవరికి తెలియదు? మైదానం పిల్లలు నవ్వారు. కొండపిల్లలు తలలు దించుకున్నారు.

నాలుగు రోజులకి కాఫీ తోటలో అది ఆమె తండ్రి మీద పడింది. ఆమె కాలేజీ మానేసింది.

ఇంకో వారం రాకపోతే హాజరు చాలక పరీక్ష రాయనివ్వరు. ఆ ఊరినించి డిగ్రీదాకా వచ్చిన మొదటి పిల్ల. అంతా కాకతాళీయమని రోజుకి పదిసార్లు నాకు నేనే చెప్పుకున్నాను. టీ పెట్టుకుని తాగడం మరిచిపోతున్నాను. ఒక్కచోట కుదురుగా కూర్చోలేక ఆదివారం పొద్దున్నే జీపెక్కి, ఆపైన గంటసేపు ఎత్తు నడిచి వాళ్ళింటికి వెళ్ళాను.

తండ్రి భుజానికి కట్టుతో అరుగు మీద కూర్చున్నాడు. "మా గుంట సదువుకి ఎల్లనంతంది. ఆ రోజు ఏటి పాఠం సెప్పేరు మేడంగారూ?"

ఒక వీరుడు పేరు కోసం ఒంటరిగా రాక్షసుడి మీదికి వెళ్ళాడని చెప్పాను.

"ఒక్కడూ ఏటికెల్లేడు? ఊళ్ళో మనుసులు లేరా?"

ఇన్నేళ్ళలో ఏ విద్యార్థీ నన్ను అది అడగలేదు.

కూతురు గుమ్మం దగ్గర చేటలో చోళ్ళ గింజలు చెరుగుతోంది. తలెత్తకుండానే, "తప్పు నాదేనా మేడం?" అంది.

మూఢనమ్మకం అనబోయాను. కట్టు మీది మరక చూసి ఆగిపోయాను. చాలా సిగ్గేసింది.

"నీ చేత పలికించింది నేను. తప్పుంటే నాది" అన్నాను.

ఆమె చేట కింద పెట్టింది. కళ్ళలో కోపం లేదు, నా గురించి భయం ఉంది. మూల ఉన్న కర్ర తీసింది.

"అయితే మీరు ఒక్కరూ దిగకండి. రోడ్డు దాకా నానొత్తాను."

కర్రతో నేల కొడుతూ ముందు నడిచింది. ఆకు కదిలినా ఉలిక్కిపడుతూ నేను వెనక నడిచాను. రోడ్డు దగ్గర, రేపు కాలేజీకి వస్తావా అని అడిగాను.

"వత్తాను. మీరు మాత్రం దాని పేరెత్తకండి."

ఎత్తనన్నాను. ఈ కాగితం మీద కూడా రాయలేదు.