నాన్నా అంటే ఫాదర్ కాదు

సినిమాలో నాకున్నది ఒక్కటే మాట. దాన్నీ పాడుచేశారు.

కరోనాకు ముందు చలికాలంలో, ఐర్లండ్‌లో లెటర్‌కెన్నీ అనే ఊరి దగ్గర మూతపడిన ఒక బడిని ఆసుపత్రిలా మార్చి ఆ చిన్న సినిమా తీశారు. భారతీయ నర్సు వేషానికి మనిషి కావాలని తెలిసినవాళ్ల ద్వారా కబురొస్తే వెళ్లాను. నేను నర్సును కాను. సిటీవెస్ట్‌లో ఒక ఆఫీసులో సాఫ్ట్‌వేర్ టెస్టర్ని. ఇతరుల పనిలో తప్పులు పట్టుకోవడానికే నాకు జీతమిస్తారు. ఇంట్లోనూ జీతం లేకుండా అదే పని చేస్తానని మా ఆయన అంటారు. ఆ మాట మొదటిసారి ఎవరి ముందు అన్నారో నాకింకా గుర్తుంది.

కథలో ఒక కుర్రాడు చావుబతుకుల మధ్య ఉంటాడు. వాళ్లమ్మ ఇంకా దారిలోనే ఉంటుంది. నేను దుప్పటి సర్ది ఏదైనా ఒక మాట అనాలి. "మీ భాషలో, మీ పిల్లలతో ఎలా అంటారో అలాగే అనండి" అని చెప్పింది దర్శకురాలు. అతని నుదుటి మీద చెయ్యి వేసి "పడుకో నాన్నా" అన్నాను. అక్కడ తెలుగు తెలిసింది నాకొక్కదానికే. అయినా కెమెరా ఆగాక, రెండోసారి తీయక్కర్లేదంది దర్శకురాలు.

తర్వాత హాళ్లు మూతపడ్డాయి. సినిమాను ఆన్‌లైన్‌లో విడుదల చేశారు. ఇంట్లో ముగ్గురం సోఫాలో కూర్చున్నాం. నా గొంతు వినబడింది. కింద ఇంగ్లీషు అక్షరాలు పడ్డాయి: "స్లీప్, ఫాదర్."

ఐర్లండ్‌లో మంచం మీదున్న మనిషిని ఫాదర్ అంటే చర్చి ఫాదరనే అనుకుంటారు. మా అమ్మాయి వెంటనే అడిగింది. "మామ్, ఈజ్ హీ అ ప్రీస్ట్?"

మర్నాడు ఆఫీసు వీడియో మీటింగులో ఒకతను "ఆ కుర్రాడు ఫాదరని చివర్లో బయటపెట్టారు చూడు, భలే మలుపు" అన్నాడు. అందరూ నవ్వారు. పేర్లు రాయను గానీ, తెర మీద ఏ గడిలో ఎవరు నవ్వారో ఇప్పుడడిగినా చెబుతాను.

సినిమా తీసినవాళ్లకు మెయిల్ రాశాను. "థాంక్స్ అ మిలియన్, ఇట్స్ గ్రాండ్" అని జవాబొచ్చింది. ఈ దేశంలో గ్రాండ్ అంటే గొప్పగా ఉందని కాదు. బాగానే ఉంది, ఇక వదిలెయ్యమని. నేను వదల్లేదు. మళ్లీ రాశాను. మళ్లీ గ్రాండే.

ఇంతలో జాతీయ సినిమా అవార్డుల పోటీలో ఆ వేషం వేసిన కుర్రాడు నిలిచాడు. ఆ ఏడు వేడుక టీవీలోనే జరుగుతుందని, అతని నటనకు నమూనాగా మా సీనే చూపిస్తారని తెలిసింది.

"దేశమంతా నిన్ను చూడబోతోంది. సంతోషించక ఇంకా ఆ ఫాదర్ గోలేనా?" అన్నారు మా ఆయన.

"దేశమంతా నవ్వబోతోంది. అందుకే."

"నువ్వన్నది తెలుగో టిబెటనో వాళ్లకేం తెలుసు?"

"తెలీదు కాబట్టే కింద రాసింది సరిగ్గా ఉండాలి. మీరు ఊరుకోండి."

ఈసారి మెయిల్ కాదు, ఫోన్ చేశాను. సబ్‌టైటిల్స్ చూసే అమ్మాయి దొరికింది. గొంతును బట్టి చిన్నదే.

"నాన్న అంటే ఫాదరే కదా? డిక్షనరీలో చూశాను" అంది.

"ఫాదరే. కానీ పిల్లల్ని ముద్దుగా పిలిచేటప్పుడు కూడా నాన్నా అంటాం."

"కొడుకును పట్టుకుని తండ్రీ అంటారా?"

"అంటాం. కూతుర్ని అమ్మా అంటాం."

"మరి అసలు అమ్మానాన్నల్ని ఏమంటారు?"

"అమ్మా, నాన్నా అనే."

అవతల ఏదో కొట్టి చెరిపేసిన కీబోర్డు చప్పుడు వినిపించింది. "పోనీ, తర్జుమా మానేసి నాన్నా అనే ఉంచుదామా?" అంది. నాకు ప్రాణం లేచొచ్చింది. వెంటనే తనే "వద్దు, వద్దు. ఇక్కడ నానా అంటే అమ్మమ్మ. మీరు ప్రీస్టని గొడవ చేస్తే నేను ముసలమ్మను చేసినట్టుంటుంది" అని నవ్వింది. "పెట్ అని పెట్టనా?"

"పెట్ అంటే? కుక్కపిల్లా?"

"కాదు, ముద్దుగా..."

ఆలోచించి చెబుతానని పెట్టేశాను. అప్పటికి ఉన్న అవమానాల పక్కన దీన్నీ చేర్చుకున్నాను.

ఆ వారంలోనే నా వ్యాక్సిన్ వంతు వచ్చింది. సూదంటే నాకు చిన్నప్పట్నుంచీ భయం. నర్సు పెద్దావిడ. ముఖం పక్కకు తిప్పుకున్న నన్ను చూసి, భుజం మీద చెయ్యి ఉంచి "దేర్ నౌ, పెట్. ఆల్ డన్" అంది. మాస్కు వెనక ఆవిడ ముఖం ఎలా ఉందో నాకు తెలియదు. గొంతు మాత్రం, జ్వరంలో "ఏం లేదు నాన్నా" అంటూ నా తల నిమిరిన మా అమ్మ గొంతులా ఉంది.

సూది వేశాక కాసేపు కూర్చోబెడతారు కదా, ఆ కుర్చీలోంచే ఫోన్ చేశాను.

"పెట్ అనే పెట్టండి."

"గ్రాండ్."

"ఆ గ్రాండ్ వద్దు. మారుస్తానని చెప్పండి."

ఆ పిల్ల నవ్వి, "మారుస్తాను" అంది.

వేడుక రోజు సాయంత్రం టీ పెట్టుకుని కూర్చున్నాం. ఖాళీ స్టూడియోలో ఒక వ్యాఖ్యాత ఒక్కడే నిలబడి, తమ చిన్న దేశపు సినిమా ఎంత ఎదిగిందో చెప్పాడు. పోటీలో ఉన్నవాళ్లు మెరిసే బట్టలు వేసుకుని ఎవరి వంటింట్లో వాళ్లు కూర్చున్నారు. ఒకామె వెనక గిన్నెలు తోమకుండా ఉన్నాయి. మా సీను వచ్చింది. నా చెయ్యి, ఆ కుర్రాడి నుదురు, నా గొంతు. కింద "స్లీప్ నౌ, పెట్."

మా అమ్మాయి వైపు చూశాను. ఏమీ అడగలేదు. తెర మీంచి కళ్లు తిప్పకుండా, ఒడిలోని కుషన్‌ను దగ్గరికి లాక్కుంది.

అవార్డు ఇంకొకరికి వెళ్లింది. ఆ కుర్రాడు తన వంటింట్లోంచి మనస్ఫూర్తిగానే చప్పట్లు కొట్టాడు.

"ఇక శాంతించినట్టేనా?" అన్నారు మా ఆయన.

నేను అప్పటికే ఫోన్లో అసలు సినిమా తెరిచి ఆ చోటికి జరుపుతున్నాను. అక్కడ ఇంకా ఫాదరే ఉన్నాడు. మార్చింది అవార్డుల కోసం పంపిన ముక్కలో మాత్రమే.

ఫోన్ ఆయనకు చూపించాను. ఆయన చూశారు, నా ముఖమూ చూశారు. లాప్‌టాప్‌కు చోటు చేస్తూ టీ కప్పులు తీశారు.

కొత్త మెయిల్ మొదలుపెట్టాను. మొదటి వాక్యం: "మళ్లీ నేనే."