నూరేళ్ళ అల, సూరిబాబు గారి గుమ్మం

సముద్రంలో నిలబెట్టే చమురు ప్లాట్‌ఫారాల అంతస్తు నీటికి ఎంత ఎత్తున ఉండాలో లెక్కగట్టడం నా ఉద్యోగం. కొద్ది దశాబ్దాల కొలతలు పట్టుకుని నూరేళ్ళకోసారి వచ్చే అల ఎంతుంటుందో చెప్పాలి. పాత తుఫాను ఆనవాళ్ళు ఒడ్డున దొరికితే లెక్కను సరిచూసుకోవచ్చని కోనసీమకు బయల్దేరాను.

రావులపాలెంలో పొద్దున్నే దిగి, అరటిగెలల లారీల పక్కన టీ తాగి, అమలాపురం బస్సెక్కాను. అక్కడి నుంచి కాట్రేనికోనకు షేర్ ఆటోలున్నాయి గానీ, చుట్టుపక్కల ఊళ్ళు తిరగాలంటే ఆటో మాట్లాడుకోవడమే మేలు. రోజంతటికీ వెయ్యి రూపాయలకు ఒప్పుకున్న సూరిబాబు గారు నా పని విని, "గుర్తు మా ఇంట్లోనే ఉందండి, చూద్దురుగాని" అన్నారు. దారంతా కొబ్బరితోటలు, రొయ్యల చెరువులు. సగం దారిలోనే నా పని అయిపోయినట్టు సంబరపడ్డాను.

తీరా వెళ్తే ఇల్లు లేదు, కొత్త పునాది ఉంది. గుర్తున్న గుమ్మం కొబ్బరిచెట్టుకు చేరగిలబడి ఉంది. దాని మీద ఓ తుప్పు మేకు.

"నీళ్ళు ఇక్కడిదాకా వచ్చేయండి. మా నాన్నగారు కొట్టేరు. టేకు కదండీ, ఇల్లెన్నిసార్లు కట్టినా ఇదే నిలబెడతాం. రేపే ముహూర్తం."

పాత ఇల్లున్న పల్లాన్ని మట్టి తోలి మెరక చేసేశారు. ఇక ఆ మేకును ఎక్కడి నుంచి కొలవాలి? టేపు సంచిలో పెట్టేశాను.

పునాది ఇంకా ఎత్తాలని ఆయన భార్య లక్ష్మి గారి పట్టు. ఈయనేమో వద్దంటారు. "నూరేళ్ళకోసారన్నారు కదండీ. మా నాన్నగారి హయాంలో వచ్చేసింది. ఇంక మనవల నాటికే."

"అల వంతులేసుకుని రాదండీ," అన్నాను. "ఏ ఏడైనా నూటికో వంతు అవకాశం. నిరుడొచ్చినా ఈ ఏడు రావచ్చు."

"విన్నారా?" అన్నారు లక్ష్మి గారు.

సూరిబాబు గారు పునాది ఇటుక వరసలు లెక్కపెట్టారు. "ఇంకో మూడు వరసలు వేస్తే చాలుతుందాండీ?"

నా లెక్క నడిసముద్రానిది. ఊళ్ళోకి వచ్చే నీటి లెక్క వేరు. తెలియదని చెప్పడానికి కష్టంగానే అనిపించింది. "చాలుతుందని చెప్పలేనండి. ఎత్తు పెరిగినకొద్దీ ప్రమాదం తగ్గుతుంది."

"ఆయ్. తగ్గించుకుందామండి" అని మేస్త్రీకి ఫోన్ చేశారు. ముహూర్తం వాయిదా పడింది.

ప్లాట్‌ఫారాల విషయంలోనూ నేను చెప్పగలిగేది అంతే, కాకపోతే అంకెల్లో చెబుతాను. ఇలాంటి ఆనవాళ్ళ కోసం వెళ్ళేవాళ్ళు టేపు తీసేముందు ఆ గుమ్మం మొదట ఎక్కడుండేదో అడగండి.

గుమ్మం నిలబెట్టిన రోజు సూరిబాబు గారు ఫోన్ చేశారు. "పునాది లేచింది, ఇప్పుడు ఎత్తు తప్పు కదండీ, మేకు పీకెయ్యమంటారా?"

ఉంచమన్నాను. నీళ్ళు వచ్చిన మాట నిజమే కదా.