పెద్దల్లుడికి రెండో ర్యాంకు

పరంధామయ్యగారి కంట పడిన ఏ వస్తువూ, ఏ ప్రాణీ వరుసలో తన స్థానమేదో తెలుసుకోకుండా తప్పించుకున్న దాఖలా లేదు. ఏడు సముద్రాల అవతల, ట్రాయ్ పట్టణంలో ఆయన ఇంటికి భోజనానికి వెళ్ళినవాళ్ళు చేతులు కడుక్కునేలోగా గోంగూరకు మొదటి స్థానం, సాంబారుకు నాలుగో స్థానం ప్రకటితమయ్యేవి. వండిన దమయంతిగారు గరిటెతో ఎదురుగానే నిలబడి ఉన్నా ఆ ప్రకటన మెత్తబడేది కాదు. చలికాలంలో వాకిట మంచు తోసే మనుషులకు, పళ్ళ డాక్టర్లకు, గుడిలో పూజారులకు, చివరికి తన సొంత మోకాళ్ళకు సైతం ఆయన వరుస నిర్ణయించారు. ఎడమ మోకాలు ఏళ్ళ తరబడి ప్రథమ స్థానంలో కొనసాగుతోంది.

జీవితమంతా కార్ల కంపెనీలో బ్రేకులను పరీక్షించి మార్కులు వేసిన చెయ్యి అది. రిటైరైనంత మాత్రాన ఊరుకుంటుందా? ఎవరో స్నేహితుడు ఐస్ హాకీ ఆటకు తీసుకువెళ్ళడం, ఆ చెయ్యికి పని దొరకడం ఒక్కసారే జరిగాయి. ఏటా జూన్ నెలాఖరున ప్రొఫెషనల్ జట్లన్నీ ఒకచోట చేరి, పదిహేడు పద్ధెనిమిదేళ్ళ కుర్రాళ్ళలోంచి తమకు కావలసినవారిని వంతులవారీగా ఏరుకుంటాయి. దాన్ని డ్రాఫ్ట్ అంటారు. మన పెళ్ళిచూపులు ఇంతకన్నా మర్యాదైనవి. పిల్లవాడి ఎత్తు, బరువు, మోకాలి చరిత్ర, అమ్మానాన్నల ఎముకల పుష్టి అన్నీ ఊరందరి ముందూ చర్చించి, పిల్లవాడికి మాత్రం మూసుకుని కూర్చోమని ఒక కుర్చీ వేస్తారు. ఈ వ్యవహారానికి ముందుగా, ఏ కుర్రాడు ఎన్నో వాడో తేల్చే జాబితాలు వెలువడతాయి. పండితులు వేసే జాబితాలు కొన్ని, పరంధామయ్యగారు తన వెబ్‌సైటులో వేసే జాబితా ఒకటి.

పరంధామయ్యగారి జాబితాకు ఒక విశిష్టత ఉంది. అది ఎప్పుడూ తప్పే. ఆయన మొదట నిలబెట్టిన కుర్రాణ్ణి ఏ జట్టూ మొదట తీసుకున్న పాపాన పోలేదు. ఒకడైతే హాకీయే మానేసి ఫైర్ స్టేషన్‌లో చేరాడు. తెలుగు సంఘంలో గోపాల్ అంకుల్ వంటివారు ఆ జాబితా చూసి, అందులో పైన ఉన్నవాణ్ణి వదిలేస్తే మిగిలినవాళ్ళంతా బాగుపడతారని పందాలు కాసేవారు. పరంధామయ్యగారు నొచ్చుకునేవారు కారు. వేళాకోళం చేసేవాళ్ళ జాబితాలో గోపాల్ది రెండో స్థానం, ఇంకా కష్టపడాలి, అని ఊరుకునేవారు.

ఇంతవరకూ నవ్వుకోదగిన సంగతే. పెద్దల్లుడు శశికాంత్‌కు నవ్వు రాకపోవడానికి ఒక కారణం ఉంది. నాలుగేళ్ళ క్రితం మామగారు అల్లుళ్ళకు కూడా ర్యాంకులు ఇవ్వడం మొదలుపెట్టారు. డ్రాఫ్ట్ రెండో రోజు, శనివారం పొద్దున, ఇంటి బేస్‌మెంట్‌లో అందరూ టీవీ ముందు కూర్చుని ఇడ్లీలు తింటూండగా ఆ ప్రకటన వెలువడుతుంది. గెలిచినవాడికి తెల్ల రంగుతో ‘1’ అని రాసిన హాకీ పక్, అంటే ఆ ఆటలో కొట్టే నల్లటి రబ్బరు బిళ్ళ, బహుమానం. మొదటి ఏడు అది శశికాంత్‌కే దక్కింది. దాన్ని ఆఫీసు బల్ల మీద పెట్టుకుని, అడిగినవారికీ అడగనివారికీ దాని చరిత్ర చెప్పాడు. ఆ తరవాత మూడేళ్ళూ పక్ విమానమెక్కి అల్ఫారెట్టా వెళ్ళిపోయింది, చిన్నల్లుడు మానవ్ ఇంటికి. ఉన్నది ఇద్దరల్లుళ్ళు. అటువంటి వరుసలో రెండో స్థానానికి చివరి స్థానమనే మరో పేరుందని శశికాంత్‌కు ఎవరూ వివరించనక్కర్లేదు.

తోడల్లుడి మీద అసూయ మన శాస్త్రాల్లో ఏ అధ్యాయంలో ఉందో గానీ, శశికాంత్ దాన్ని నిష్ఠగా పాటించాడు. మానవ్ సొంత కంపెనీ పెట్టాడు. మానవ్ ప్రతి సోమవారం బెంటన్‌విల్‌కు విమానంలో వెళతాడు. అక్కడ రెండో బ్రాంచి తెరిచి ఉంటాడని శశికాంత్ తనంతట తానే ఊహించి, తనంతట తానే కుమిలిపోయాడు. ఆదివారం మధ్యాహ్నం మానవ్ ఫోన్ చేస్తే మామగారు తలుపు వేసుకుని గంటసేపు మాట్లాడతారు. తనతో మాట్లాడేటప్పుడు తలుపు బార్లా తెరిచే ఉంటుంది. ఈ తేడాను భార్య అనుష్క ముందు సాక్ష్యంగా ప్రవేశపెడితే, “నువ్వు ఆయన పక్కనే ఉంటావు కదా శశీ, తలుపెందుకు?” అని ఆమె ఆ కేసు కొట్టేసింది.

పక్కనే ఉండడమంటే మాటలా? కంటి ఆపరేషన్ తరవాత మామగారు డ్రైవ్ చేయకూడదని దమయంతిగారు ఆంక్ష విధించారు. అప్పటినుంచి ప్లిమత్, ఫ్లింట్, సాగినా, ఎక్కడ కుర్రాళ్ళ ఆట ఉంటే అక్కడికి మంచులో కారు తోలింది శశికాంత్. మంచుగడ్డ లాంటి బల్లల మీద కూర్చుని, ఫ్లాస్కులో కాఫీ పోసి ఇచ్చి, మామగారి మఫ్లరు సర్దింది శశికాంత్. పక్ మాత్రం మానవ్‌ది. ఈ చలికాలం ఒకరోజు దారిలో ఇక ఉండబట్టలేక, ఏ ప్రమాణాల మీద ర్యాంకు ఇస్తున్నారో చెప్పమని అడిగేశాడు.

“ప్రమాణాలు ముందే చెబితే ఆటగాళ్ళు వాటికోసమే ఆడతారు, అల్లుడుగారూ.”

“కనీసం నాలో లోపమేమిటో చెప్పండి. చెప్పకుండా శిక్ష వేయడం ఏ చట్టంలోనూ లేదు మామయ్యగారూ.”

పరంధామయ్యగారు తీర్పు వినిపించారు. “మీ స్కేటింగ్ ఫర్వాలేదు. చేతులు సామాన్యం. రెండో ప్రయత్నంలో మాత్రం దిట్ట.” పక్ చేజారాక నిరాశపడకుండా మళ్ళీ వెంటపడేవాణ్ణి హాకీలో అలా మెచ్చుకుంటారట. మొదటి ప్రయత్నం గురించి ఆయన ఏమీ అనలేదన్న సంగతి శశికాంత్‌కు ఇల్లు చేరేదాకా గుచ్చుకుంటూనే ఉంది.

జనవరిలో వాళ్ళు సాగినా వెళ్ళింది దేశమంతా మొదటివాడని ఒప్పుకున్న ఒక కుర్రాడి కోసమని శశికాంత్ అనుకున్నాడు. తీరా వెళ్ళాక మామగారు వాణ్ణి కన్నెత్తి చూడలేదు. వాణ్ణి చూడ్డానికి నలభై మంది వచ్చారు, మనం చూడకపోతే వాడికి నష్టమేమిటి, అని లేచి గ్యాలరీ చివరికి నడిచారు. అక్కడ కోల్బీ అనే కుర్రాడు చంకలో కర్రలతో ఒంటరిగా కూర్చుని ఉన్నాడు. క్రిస్మస్ ముందు మోకాలు విరిగి, సీజనంతా పోగొట్టుకున్నవాడు; అన్ని జాబితాల్లోంచీ పేరు జారిపోయినవాడు. పరంధామయ్యగారు వాడి పక్కన చతికిలబడి, ఆట ముగిసేదాకా కదల్లేదు. ఇద్దరూ కలిసి జంతికల డబ్బా ఖాళీ చేశారు. అవి దమయంతిగారు పెద్దల్లుడి కోసం ప్రత్యేకంగా వేసి పంపినవి. శశికాంత్ అసూయకు ఆ రోజు నుంచి రెండో అభ్యర్థి దొరికాడు.

“నంబర్ వన్ దొరికాడండీ,” అన్నారు మామగారు కారెక్కుతూ.

“మామయ్యగారూ, అతను ఆడలేదు.”

“చూశాను.”

ఆ సంవత్సరపు జాబితాలో కోల్బీ పేరు అందరికన్నా పైన వెలువడింది. హాకీ లోకం ఒక వారం పాటు నవ్వింది.

జూన్ శనివారం వచ్చింది. మొదటి రౌండు ముందురోజే ముగిసినా పరంధామయ్యగారు అది చూడరు. కోట్లు తొడుక్కున్న పిల్లల్ని చూడడానికి జనం చాలామంది ఉన్నారంటారు. రెండో రోజు మిగిలిన ఆరు రౌండ్లలోనూ వచ్చే పేర్లకే ఆయన ఇడ్లీలు పెట్టిస్తారు. బేస్‌మెంట్ నిండింది. మూడో రౌండు నడుస్తుండగా ఆయన టీవీ గొంతు తగ్గించి, లేచి నిలబడ్డారు. శశికాంత్ ఇడ్లీ తినడం మానేశాడు. ఈ ఏడు తన వాదనలో లొసుగు లేదు. మంచు సాక్షి, కారు మీటరు సాక్షి.

“అల్లుళ్ళ విభాగం. ప్రథమ స్థానం, మానవ్.”

అల్ఫారెట్టా నుంచి స్పీకర్ ఫోన్‌లో చిన్నల్లుడు నవ్వబోయి, దగ్గు వచ్చినట్టు ఆగి, థాంక్స్ మామయ్యగారూ అన్నాడు. గోపాల్ అంకుల్ శశికాంత్ భుజం తట్టి, “సిల్వర్ మెడల్ కూడా మెడలే బాబూ, ఒలింపిక్స్‌లో అయితే,” అన్నాడు. శశికాంత్ మొహాన చిరునవ్వు పులుముకున్నాడు. అది అతుక్కోలేదు.

రౌండ్లు గడిచాయి. కోల్బీ పేరు ఎవరూ పిలవలేదు. ఏడో రౌండూ ముగిసి టీవీలో ప్రకటనలు మొదలయ్యాక గోపాల్ అంకుల్ లేచి, మన నంబర్ వన్‌కు బహుశా ఎనిమిదో రౌండు పెడతారేమో అన్నాడు. అందరూ నవ్వుతుండగా పరంధామయ్యగారి ఫోన్ మోగింది. చెవి మందం గనక ఆయన ఏ ఫోనైనా స్పీకర్లోనే వింటారు. అటువైపు కోల్బీ తల్లి. ఎవరూ తీసుకోలేదని చెప్పడానికే చేసిందనుకుని అందరూ నవ్వు ఆపేశారు.

ఆమె చెప్పింది వేరు. మోకాలు విరిగాక వాడు మంచం దిగడం మానేశాడట. కసరత్తులు నేర్పే మనిషి ఇంటికి వస్తే గోడవైపు తిరిగి పడుకునేవాడట. పరంధామయ్యగారి జాబితా చూసి వాడు తిట్టుకున్నాడు, పడీపడీ నవ్వాడు, మర్నాడు తనంతట తానే లేచి బూట్లు కట్టుకున్నాడు. “ఆ పెద్దాయన లోకం ముందు నవ్వులపాలు కాకూడదమ్మా అన్నాడండీ. మీ పరువు కాపాడాలనే నాలుగు నెలలు కసరత్తు చేశాడు,” అందామె. ఇప్పుడే ఒక జట్టు, వేసవి శిబిరానికి వచ్చి ఆడి చూపించమని పిలిచిందట.

“నా పరువుకేం ఢోకా లేదని చెప్పండి. శిబిరంలో రెండో ప్రయత్నం మానవద్దని చెప్పండి,” అని పరంధామయ్యగారు ఫోన్ పెట్టేసి, టీవీ గొంతు పెంచారు.

గదిలో అందరికీ ఒక్క కోల్బీ సంగతే అర్థమైంది. శశికాంత్‌కు మాత్రం ఇంకోటి తట్టింది. ర్యాంకు ప్రతిభకు కాదన్నమాట. ఎవడు పడిపోయి ఉంటే వాడికన్నమాట. అలాగైతే, మూడేళ్ళుగా మొదటి స్థానంలో ఉన్న మనిషికి ఏమైనట్టు? అతను ప్లేటు పట్టుకుని పైకి, వంటింట్లోకి వెళ్ళాడు. మధ్యాహ్నం భోజనానికి దమయంతిగారు పొయ్యి మీద సాంబారు కలుపుతున్నారు.

“అత్తయ్యగారూ, మానవ్ కంపెనీ మూతపడి ఎన్నాళ్ళయింది?”

గరిటె ఆగిపోయింది. “మీకెవరు చెప్పారు బాబూ?”

“మీరేనండీ, ఇప్పుడే.”

ఆమె తలుపువైపు చూసి, గొంతు తగ్గించి చెప్పారు. భాగస్వామి ముంచేస్తే మూడేళ్ళ క్రితమే కంపెనీ మూసేశాడట. బెంటన్‌విల్‌లో ఉన్నది బ్రాంచి కాదు, కాంట్రాక్టు ఉద్యోగం. అదీ ఉంటుందో ఊడుతుందో ఏ నెలకా నెలే. ఎవరికీ తెలియకూడదని మామగారి దగ్గర మాట తీసుకున్నాడు. అనుష్కకు తెలుసు. మీకు చెబితే మీరు జాలిపడతారేమోనని, ఆ అబ్బాయి అది భరించలేడని చెప్పలేదు.

శశికాంత్‌కు జాలి వేయడానికి ముందే మరో ఆలోచన వచ్చి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. నాలుగేళ్ళ క్రితం, తాను మొదటి స్థానంలో వెలిగిన సంవత్సరం. ఆ వసంతంలో తనను ఉద్యోగంలోంచి తీసేశారు. మీ సేవలకు ధన్యవాదాలు అని మొదలయ్యే ఇ-మెయిలుతో తీసేశారు. ఒక్క అనుష్కకు తప్ప ఎవరికీ చెప్పలేదు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, లాప్‌టాప్ సంచీ తగిలించుకుని, మరో ఉద్యోగం దొరికేదాకా రోజూ ఆఫీసుకు వెళ్ళినట్టే వెళ్ళి ట్రాయ్ లైబ్రరీలో కూర్చున్నాడు.

“ఆ పక్... నాకూ అందుకేనా?”

“ఆ ఏడు ఆయన రోజూ లైబ్రరీకి వెళ్ళి, ఒక్క ముక్కా చదవకుండా తిరిగొచ్చేవారు,” అన్నారు దమయంతిగారు. “మీ వెనక బల్ల దగ్గర కూర్చునేవారట.”

“మరి నన్ను పలకరించలేదేమండీ?”

“పలకరిస్తే మర్నాటినుంచి మీరు ఇంకో లైబ్రరీకి వెళ్ళేవారు కదా, బాబూ.”

నాలుగేళ్ళుగా ఆఫీసు బల్ల మీద నిలబడి తన ప్రతిభను చాటుతున్న నల్లటి బిళ్ళ శశికాంత్ కళ్ళముందు ఒకసారి గిర్రున తిరిగింది. అతనికి సిగ్గు వేసింది, దాని వెనకే నవ్వు వచ్చింది. ఇన్నాళ్ళూ తనకు దక్కలేదని ఏడ్చింది ఇలాంటి ర్యాంకు కోసమన్నమాట.

ఫోన్ తీసి కుటుంబం గ్రూపులో, ‘కంగ్రాట్స్ మానవ్, యు డిజర్వ్ ఇట్’ అని టైప్ చేశాడు. పంపబోయి ఆగాడు. మూడేళ్ళలో ఒక్కసారీ అభినందించనివాడు ఈ రోజు అభినందిస్తే మానవ్‌కు క్షణంలో అనుమానం వస్తుంది. జాలిపడుతున్నారని కనిపెట్టేస్తాడు. శశికాంత్ ఆ మాటలు చెరిపేసి మళ్ళీ రాశాడు: ‘ఈ తీర్పు ఏకపక్షం. సాగినా దాకా మంచులో డ్రైవ్ చేసినవాణ్ణి నేను, పక్ నీకా? వచ్చే ఏడు నిన్ను వదలను తమ్ముడూ.’ అసూయ బాగా చేయి తిరిగిన పనే గనక మాటలు తడుముకోవలసిన అవసరం రాలేదు.

అల్ఫారెట్టా నుంచి వెంటనే నవ్వు బొమ్మలు వరసగా వచ్చి పడ్డాయి. ‘ముందు స్కేటింగ్ నేర్చుకో అన్నయ్యా. మొదటి ర్యాంకు ఊరికే రాదు.’

మెట్లెక్కి వచ్చిన పరంధామయ్యగారు తన ఫోన్‌లో ఆ సంవాదమంతా కళ్ళజోడు పైకెత్తి చదివారు. అల్లుణ్ణీ, అతను కూర్చున్న కుర్చీనీ, భార్య మొహాన్నీ మార్చి మార్చి చూశారు.

“రెండో ప్రయత్నం బాగుంది, అల్లుడుగారూ,” అన్నారు.

“మామయ్యగారూ, వచ్చే ఏడు కూడా నాకు రెండో ర్యాంకే ఇవ్వండి. ఎప్పటికీ అదే ఇవ్వండి.”

“అది నా చేతిలో లేదండీ. మీ ఆఫీసువాళ్ళ చేతిలో ఉంది.” ఆయన పొయ్యి దగ్గరికి వెళ్ళి, గరిటెతో కాస్త సాంబారు అరచేతిలో వేసుకుని చప్పరించి, కాసేపు కళ్ళు మూసుకున్నారు. “ఈ రోజు సాంబారుకు ప్రథమ స్థానం.”

పెళ్ళయిన నాటినుంచి నాలుగో స్థానం దాటని సాంబారు. దమయంతిగారు గబుక్కున గిన్నెలోకి వంగి వాసన చూశారు.

“అయ్యో రామా,” అన్నారామె పొయ్యి ఆర్పుతూ. “కబుర్లలో పడి అడుగంటించేశానన్నమాట.”